బండి ఊరికే ఆగదు

* ఒక సెక్షన్‌లో ఒకటే బండి.. పట్టాల మీద అదే మొదటి సూత్రం
* సిగ్నల్ పాడైనప్పుడే నిబంధనకు అసలు పరీక్ష
* విశాఖ - రాయగడ దారిలో రైల్వే భాష

రాయగడ: విశాఖపట్నం నుంచి రాయగడ వచ్చే ప్యాసింజర్. చీకటి పడింది. కిటికీ బయట పొలాలు, దూరంగా ఒకటి రెండు దీపాలు. బండి మెల్లగా నెమ్మదించి మధ్యలో ఆగిపోయింది. స్టేషన్ లేదు, ప్లాట్‌ఫారం లేదు. అయిదు నిమిషాలు గడిచాయి.

‘ఏటి మావా, మళ్లీ ఔటర్లో ఎట్టేసినాడా?’

‘ఎప్పుడూ ఉన్నదే కదేటి. ముందు గూడ్సు పోవాల, ఎనక మనం పోవాల.’

ఒకాయన ఇంటికి ఫోన్ చేసి, ‘నా కోసం కూకోవద్దు, మీరు తినీయండి’ అని చెప్పేశాడు. పక్కనున్న కుర్రాళ్లు తలుపు దగ్గరికి వెళ్లి ఇంజన్ వైపు తొంగి చూస్తున్నారు. ఎర్ర దీపం తప్ప ఏమీ కనపడదు. రైల్వేని నాలుగు మాటలు అనుకుని వచ్చి కూర్చున్నారు.

ఈ దారిలో రోజూ తిరిగేవాళ్లకు ఇది కొత్త కాదు. కానీ 2023 అక్టోబరు 29 తర్వాత ఇదే దారిలో ‘ఎందుకు ఆగింది’ అని విసుక్కునేవారు ఒక్క క్షణం ఆలోచిస్తున్నారు. ఆ రోజు రాత్రి 7 గంటల ప్రాంతంలో విజయనగరం జిల్లా కంటకాపల్లి - అలమండ స్టేషన్ల మధ్య విశాఖ - రాయగడ ప్యాసింజర్, తనకు ముందు అదే లైనులో వెళుతున్న విశాఖ - పలాస ప్యాసింజర్‌ను వెనుక నుంచి ఢీకొంది. 14 మంది చనిపోయారు. రాయగడ బండి నడిపిన లోకో పైలట్, సహాయకుడు కూడా వారిలో ఉన్నారు. ఒక బండి రాయగడ వైపు, ఇంకొకటి పలాస వైపు. రెండూ సరిహద్దు జనం ఎక్కే బండ్లే.

ఆగాల్సిన చోట బండి ఆగకపోవడం వల్ల జరిగిన ప్రమాదం అది. అందుకే బండి ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఎవరు చెబితే కదలాలి అన్నది డ్రైవరుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. డబ్బాలో కూర్చున్న ప్రతివారికీ సంబంధించిందే.

మన ఇంటి దారి

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే హయాంలో 1931 నాటికి విజయనగరం - రాయ్‌పూర్ లైను పూర్తయింది. అప్పటికి రాయగడ మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. మధ్యలో గీత పడింది గానీ పట్టాలు అలాగే ఉన్నాయి. బొబ్బిలి, పార్వతీపురం, గుమడ, కూనేరు దాటి రాయగడ చేరే బండిలో ఇవాళ్టికీ సగం మాటలు తెలుగు, సగం ఒడియా. పెళ్లి సంబంధాలకు, ఆసుపత్రులకు, చదువులకు ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు ఈ బండిలోనే తిరుగుతారు. రాయగడ రైల్వే డివిజన్ భవనానికి 2025 జనవరి 6న శంకుస్థాపన కూడా జరిగింది.

ఈ దారికి కష్టాలూ తెలుసు. 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర జగదల్‌పూర్ - భువనేశ్వర్ హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు 40 మంది ప్రాణాలు కోల్పోయారు. రైల్వే ఉద్యోగం చేసిన తాతలు, తండ్రులు ఉన్న ఇళ్లు ఇక్కడ చాలానే. వారి నోట విన్న ‘లైన్ క్లియర్’, ‘పాయింట్లు’, ‘స్టార్టర్’, ‘లూప్’ అన్న మాటలు అందరికీ పరిచయమే. వాటి వెనకున్న అర్థం మాత్రం కొద్దిమందికే తెలుసు.

ఒక సెక్షన్.. ఒకటే బండి

రోడ్డు మీద బస్సు డ్రైవరు ముందున్న లారీని చూసి బ్రేకు వేస్తాడు. రైలుకు అది కుదరదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లుతుంది. పట్టు తక్కువ, బరువు ఎక్కువ. వేగంగా పోయే బండి పూర్తిగా ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. ఎదురుగా ఏదో కనపడ్డాక బ్రేకు వేస్తే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. పక్కకు తప్పుకోవడానికి స్టీరింగ్ కూడా లేదు. అందుకే రైల్వే ‘చూసి ఆగడం’ మీద ఆధారపడలేదు. ‘ఖాళీ ఉందని తేలితేనే కదలడం’ మీద ఆధారపడింది.

లైనును ముక్కలు ముక్కలుగా విడగొట్టారు. ఒక స్టేషన్ దాటిన తర్వాత మొదలై తర్వాతి స్టేషన్ దాకా ఉండే ముక్కను బ్లాక్ సెక్షన్ అంటారు. ఆ ముక్కలో ఒక సమయానికి ఒకటే బండి ఉండాలి. రైల్వే నిబంధనల పుస్తకంలో వందల సూత్రాలు ఉన్నా వాటిలో ఎక్కువ భాగం ఈ ఒక్క మాటను కాపాడటానికి పుట్టినవే.

పార్వతీపురం నుంచి బండి బయల్దేరాలంటే అక్కడి స్టేషన్ మాస్టరు తన ఇష్టంతో పంపలేరు. ముందున్న స్టేషన్ మాస్టరును అడగాలి. ఆయన ‘లైన్ క్లియర్’ ఇవ్వాలి. ఆయన కూడా ఊరికే ఇవ్వరు. అంతకు ముందు వచ్చిన బండి మొత్తంగా, చివరి డబ్బాతో సహా వచ్చేసిందని నిర్ధారించుకోవాలి. తన స్టేషన్ మొదటి ఆగుడు సిగ్నల్ దాటాక కూడా కొంత దూరం ఖాళీ ఉండాలి. రంగు దీపాల సిగ్నళ్లున్న చోట ఈ అదనపు దూరం 180 మీటర్లు. డ్రైవరు బ్రేకు కాస్త ఆలస్యంగా వేసి సిగ్నల్ దాటినా గుద్దుకోకుండా ఉంచిన జాగా అది. దీన్నే ఓవర్‌ల్యాప్ అంటారు.

ఇద్దరు మాస్టర్ల మధ్య మాట నడిచినప్పుడు ‘ప్రైవేట్ నంబర్’ ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. ముందే అచ్చు వేసిన షీటులోని అంకెల్లోంచి ఒకటి చెప్పి, ఇద్దరూ రాసుకుంటారు. గేటు వేశానని గేటుమ్యాన్ చెప్పినప్పుడు కూడా ఇంతే. ‘అన్నానా, లేదా’ అన్న గొడవ రాకుండా ప్రతి మాటకూ ఒక గుర్తు మిగులుతుంది.

ఒంటి లైను రోజుల్లో ఈ సూత్రం డ్రైవరు చేతికే వచ్చేది. నీల్ బాల్ టోకెన్ అని ఇనుప గుండు. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు, వాటి మధ్య కరెంటు తీగ. ఒక స్టేషన్‌లో ఒక గుండు బయటికి తీస్తే, అది అవతలి యంత్రంలో పడేదాకా రెండు యంత్రాల్లోంచీ ఇంకో గుండు రాదు. ఆ గుండును సంచిలో పెట్టి, పెద్ద వలయానికి కట్టి డ్రైవరుకు అందించేవారు. ఆగకుండా వెళ్లే బండి అయితే ఇంజన్‌లోంచి చెయ్యి చాపి ఆ వలయాన్ని భుజానికి తగిలించుకునేవారు. చిన్నప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ విన్యాసం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. గుండు చేతిలో ఉంటే ఆ దారి మొత్తం ఆ బండిదే. గుండు లేకపోతే సిగ్నల్ ఎలా ఉన్నా బండి కదలకూడదు.

‘ఔటర్’ నిజంగా ఔటరేనా?

బండి ఊరి బయట ఆగితే అందరూ ‘ఔటర్’ అంటారు. నిజానికి ఇప్పుడు చాలా స్టేషన్లలో ఔటర్ సిగ్నల్ అన్నదే లేదు. రెక్క సిగ్నళ్ల కాలంలో స్టేషన్‌కు దూరంగా ముందు ఔటర్, తర్వాత హోమ్ ఉండేవి. రెక్క అడ్డంగా ఉంటే ఆగమని, కిందికి వాలితే రమ్మని. రంగు దీపాలు వచ్చాక ఆ స్థానం డిస్టెంట్ సిగ్నల్‌కు పోయింది. మాట మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. ఇవాళ స్టేషన్ బయట బండి ఆగిందంటే అది ఎక్కువగా హోమ్ సిగ్నల్ దగ్గరే.

స్టేషన్‌లోకి వచ్చే బండికి వరసగా కనిపించేవి ఇవి.

■ డిస్టెంట్: హోమ్‌కు సుమారు కిలోమీటరు ముందు ఉంటుంది. ఇది ఆపదు, ముందే హెచ్చరిస్తుంది. వేగంగా బండ్లు నడిచే దారుల్లో రెండు డిస్టెంట్‌లు పెడతారు.

■ హోమ్: స్టేషన్ గడప. ఎర్రగా ఉంటే లోపలికి రాకూడదు. దాని తల మీద ఏటవాలుగా తెల్ల దీపాల వరస వెలిగిందంటే బండిని పక్క లైనులోకి తిప్పుతున్నారని అర్థం.

■ స్టార్టర్: ప్లాట్‌ఫారం చివర ఉంటుంది. బండి ఆ లైను వదిలి బయల్దేరడానికి అనుమతి.

■ అడ్వాన్స్‌డ్ స్టార్టర్: స్టేషన్ చివరి తలుపు. ఇది దాటితే బ్లాక్ సెక్షన్. ముందు స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రానిదే ఇది ఇవ్వరు.

రంగుల సంగతి చాలామందికి తెలిసిందే. ఎరుపు అంటే ఆగు. ఆకుపచ్చ అంటే పూర్తి వేగంతో పో. ఒక పసుపు అంటే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా పో. రెండు పసుపులంటే తర్వాతి సిగ్నల్‌ను తగ్గించిన వేగంతో దాటాల్సి ఉంటుంది, చూసుకుని పో. ఇక్కడ ఒక తమాషా ఉంది. రైల్వే భాషలో సిగ్నల్ ‘ఆన్’లో ఉందంటే బండి వెళ్లవచ్చని కాదు, ఆగమనో జాగ్రత్త పడమనో అర్థం. ‘ఆఫ్’ అంటేనే దారి ఇచ్చినట్టు. ఇంట్లో స్విచ్చికి పూర్తిగా తిరకాసు.

ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. దీపం ఆరిపోతే? అసలు వెలుగే లేకపోతే? అప్పుడు డ్రైవరు ఆ సిగ్నల్ తన శక్తి మేరకు చూపగల అత్యంత కఠినమైన రంగు చూపిస్తున్నట్టే భావించాలి. హోమ్ దీపం ఆరితే అది ఎర్ర దీపమే. అనుమానం వచ్చినప్పుడు ఆగడమే రైల్వే లెక్క.

పట్టాల మాటలు

రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం గేజి. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. గుణుపురం వాళ్లకు ఇంకో గేజి కూడా తెలుసు. పర్లాకిమిడి మీదుగా నౌపడ నుంచి వెళ్లిన బుల్లి రైలు 762 మిల్లీమీటర్ల నేరోగేజిది. 2004లో దాన్ని ఆపి, 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజి వేశారు.

పట్టాల కింద అడ్డంగా ఉండేవి స్లీపర్లు. ఒకప్పుడు కర్ర దుంగలు, ఇప్పుడు కాంక్రీటువి. ముఖ్యమైన లైన్లలో కిలోమీటరుకు 1,660 దాకా వేస్తారు. పట్టా మీటరు ముక్క 60 కిలోలు తూగుతుంది. స్లీపర్ల కింద కంకర. ఆ కంకర అందానికి పోసింది కాదు. బండి బరువును నేల మీద పరుస్తుంది, వాన నీటిని జారవిడుస్తుంది, ఎండకు సాగే పట్టా పక్కకు జరగకుండా అదిమి పట్టుకుంటుంది.

పాత బండ్లలో ‘టకటక’ చప్పుడు వినిపించేది. 13 మీటర్ల పట్టా ముక్కలను ఫిష్‌ప్లేట్లతో కలిపి, మధ్యలో ఎండకు సాగడానికి సందు వదిలేవారు. చక్రం ఆ సందు దాటినప్పుడల్లా చప్పుడు. ఇప్పుడు పట్టాలను పొడవుగా వెల్డింగ్ చేసి కలిపేస్తున్నారు. చప్పుడు తగ్గింది, పని మాత్రం తగ్గలేదు. వేసవి మధ్యాహ్నం పట్టా సాగి వంకర తిరిగే ప్రమాదం ఉంది. చలి రాత్రి బిగుసుకుని విరిగే ప్రమాదం ఉంది. అందుకే కీమ్యాన్ రోజూ తన వంతు లైనంతా నడిచి, ఊడిన క్లిప్పులను సుత్తితో బిగిస్తాడు. ఎండల్లో, చలిలో, వానల్లో గస్తీ వేరే. రాయగడ బండి కిటికీలోంచి భుజాన సుత్తి, చేతిలో జెండాతో కనిపించే మనిషి అతనే.

బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు తిప్పేవి పాయింట్లు. సన్నగా చెక్కిన పట్టా ఒకటి అటూ ఇటూ కదులుతుంది. నాలుకలా ఉంటుంది కాబట్టి దాన్ని టంగ్ రైలు అంటారు. నాలుక పక్క పట్టాకు సరిగా అతుక్కుంటేనే చక్రం సవ్యంగా తిరుగుతుంది. కొద్ది సందు మిగిలినా చక్రం రెండుగా చీలే దారిలో పడుతుంది. అందుకే అతుక్కున్నాక తాళం పడేలా కట్టు ఉంటుంది.

తిన్నగా పోయేది మెయిన్‌లైన్. పక్కకు వెళ్లి మళ్లీ మెయిన్‌లోనే కలిసేది లూప్‌లైన్. వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి ప్యాసింజర్‌నో గూడ్సునో లూప్‌లో పెడతారు. ఒకవైపే తెరిచి ఉండి, అవతల మూసుకుపోయేది సైడింగ్. చాలా స్టేషన్లలో లూప్‌లోకి తిరిగేటప్పుడు వేగం గంటకు 30 కిలోమీటర్లు మించకూడదు. రెండు లైన్లు దగ్గరయ్యే చోట వాటి మధ్య తెల్ల సున్నం వేసిన గుర్తు ఒకటి ఉంటుంది. అది ఫౌలింగ్ మార్కు. ఆగిన బండి తోక ఆ గుర్తు దాటి బయటికి ఉంటే, పక్క లైనులో వచ్చే బండి దాన్ని రాసుకుపోతుంది. అందుకే బండి స్టేషన్‌కు ‘వచ్చేసింది’ అంటే సరిపోదు. ఆ గుర్తు లోపలికి వచ్చిందా అన్నదే లెక్క.

తాళం తప్పితే..

పాయింట్లు ఒకవైపు, సిగ్నల్ ఇంకోవైపు చూపిస్తే? అది జరగకూడదనే ఇంటర్‌లాకింగ్ అన్న ఏర్పాటు పుట్టింది. పాయింట్లు సరైన దిక్కుకు తిరిగి, తాళం పడి, గేటు మూసి, ఎదురు దారి ఖాళీ అయితేనే సిగ్నల్ మారుతుంది. సిగ్నల్ ఇచ్చాక పాయింట్లు కదలవు. పాత రోజుల్లో క్యాబిన్‌లోని లివర్ల కింద ఇనుప కడ్డీలు ఈ పని చేసేవి. తర్వాత రిలేలు, ఇప్పుడు కంప్యూటర్లు. మనిషి పొరపాటు చేసినా యంత్రం ఒప్పుకోకూడదన్నది దాని ఉద్దేశం.

మరి ఆ యంత్రానికే తప్పుడు సమాచారం అందితే? 2023 జూన్ 2 సాయంత్రం 7 గంటల ప్రాంతంలో ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బహనాగ బజార్ స్టేషన్‌లో జరిగింది అదే. షాలిమార్ - చెన్నై కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్‌లైన్‌లో సిగ్నల్ ఇచ్చారు. పాయింట్లు మాత్రం లూప్‌లైన్ వైపు ఉన్నాయి. గంటకు 128 కిలోమీటర్ల వేగంలో బండి లూప్‌లోకి తిరిగి, అక్కడ ఆగివున్న ఇనుప ఖనిజం గూడ్సును ఢీకొంది. పడిపోయిన డబ్బాలు పక్క లైనులో వెళుతున్న బెంగళూరు - హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి డబ్బాలకు తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు. ఆ బండి మన తీరం పొడవునా నడిచేది. బరంపురం నుంచి నెల్లూరు దాకా, చెన్నైలోని తెలుగు పేటల దాకా ఆ రాత్రి ఫోన్లు మోగని ఇల్లు తక్కువ.

రైల్వే భద్రతా కమిషనర్ దర్యాప్తులో తేలింది డ్రైవరు తప్పు కాదు. స్టేషన్ పరిధిలోని సిగ్నల్ గుమ్టీలో గతంలో వైరింగ్ మార్చినప్పుడు లోపం జరిగింది. ప్రమాదం రోజు లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర ఎలక్ట్రిక్ బ్యారియర్ మార్చే పనిలో మరో లోపం దానికి తోడైంది. ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే బాంక్రానయాబాజ్ స్టేషన్‌లో 2022 మే 16న ఇలాంటి వైరింగ్ తప్పే బయటపడిందని, అప్పుడే సరిదిద్దుకునే చర్యలు తీసుకుని ఉంటే బహనాగ జరిగేది కాదని కూడా నివేదిక చెప్పింది.

ఇలాంటి పనికీ నిబంధన ఉంది. సిగ్నల్ సిబ్బంది ఏ తీగ విప్పాలన్నా ముందు స్టేషన్ మాస్టరుకు డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి. అప్పటి నుంచి ఆ సిగ్నల్, ఆ పాయింట్లు పనిచేయడం లేదనే లెక్క. పని ముగించి, పాయింట్లు నిజంగా ఎటు తిరిగాయో, ప్యానెల్ మీద ఎటు చూపిస్తోందో రెండూ పోల్చి పరీక్షించాకే తిరిగి కలిపినట్టు రాసివ్వాలి. చూడటానికి రెండు కాగితాలు. వాటి మధ్య ఉన్న పరీక్షే అసలు సంగతి.

రెండు నిమిషాలు

రద్దీ దారుల్లో స్టేషన్ నుంచి స్టేషన్ దాకా ఒకటే బండి అంటే బండ్లు కదలవు. అందుకే ఆటోమేటిక్ బ్లాక్ తెచ్చారు. రెండు స్టేషన్ల మధ్య సుమారు కిలోమీటరుకొక సిగ్నల్ ఉంటుంది. పట్టాల్లోని కరెంటు, యాక్సిల్ కౌంటర్లు బండి ఎక్కడుందో పసిగడతాయి. బండి ముందుకు పోయేకొద్దీ వెనకున్న సిగ్నళ్లు వాటంతట అవే ఎరుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి పచ్చకు మారతాయి. సూత్రం మారలేదు. ముక్క చిన్నదైంది, అంతే.

కంటకాపల్లి - అలమండ మధ్య ఇలాంటి సిగ్నళ్లే ఉన్నాయి. ప్రమాదం రోజు వాటిలో రెండు సరిగా పనిచేయడం లేదు. సిగ్నల్ పాడైతే ఎప్పుడూ ఎర్ర వైపే పాడవ్వాలన్నది ఏర్పాటు. మరి ఎర్రగా ఉండిపోయిన సిగ్నల్ దగ్గర బండి రాత్రంతా ఉండిపోవాలా? దానికీ నిబంధన ఉంది. ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే డ్రైవరు బండి ఆపాలి. పగలైతే 1 నిమిషం, రాత్రయితే 2 నిమిషాలు ఆగాలి. అప్పటికీ మారకపోతే ఈల వేసి, వెనక గార్డుతో సంకేతాలు మార్చుకుని, ముందు ఏది అడ్డం వచ్చినా ఆపగలిగేంత నెమ్మదిగా కదలాలి. దారి స్పష్టంగా కనిపించకపోతే గంటకు 10 కిలోమీటర్లు మించకూడదు. తర్వాతి సిగ్నల్ చేరేదాకా అదే నడక.

రాయగడ ప్యాసింజర్ విషయంలో ఈ నిబంధన పాటించలేదని ప్రాథమిక దర్యాప్తు తేల్చింది. ఎందుకు పాటించలేదో చెప్పడానికి ఇంజన్‌లో ఉన్న ఇద్దరూ మిగల్లేదు.

రోజూ పచ్చ దీపాలు చూసి చూసి నడిపే మనిషికి, పాడైన సిగ్నల్ ఒక అడ్డంకిలా కనిపించడం సహజం. ఆలస్యమైతే అడిగేవాళ్లు ఉంటారు. వెనక డబ్బాల్లో ‘ఏటి ఆపేసినాడు’ అనేవాళ్లూ ఉంటారు. కానీ సిగ్నల్ పాడైన క్షణాన యంత్రం చూసుకునే పని మొత్తం మనిషి కళ్ల మీద పడుతుంది. ఆ రెండు నిమిషాలు, ఆ పది కిలోమీటర్ల వేగం అందుకోసమే. అది పొలం గట్టు మీద మనిషి పరుగందుకుంటే వెళ్లే వేగం. ఆ వేగంలో ముందు బండి తోక దీపం కనిపించాక ఆగడానికి సమయం ఉంటుంది.

తోక దీపం.. టపాసు చప్పుడు

ప్రతి బండి చివరి డబ్బా వెనక పగలు బోర్డు, రాత్రి ఎర్ర దీపం ఉంటాయి. చివరి ప్యాసింజర్ డబ్బాకు పెద్ద ఇంటూ గుర్తు వేస్తారు. బండి దాటిపోయేటప్పుడు స్టేషన్ సిబ్బంది చూసేది మొదట దాన్నే. అది కనిపించిందంటే బండి తెగిపోకుండా మొత్తంగా వచ్చింది. కనిపించలేదంటే కొన్ని డబ్బాలు వెనక సెక్షన్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు. అప్పుడు లైన్ క్లియర్ ఇవ్వకూడదు.

బండి సెక్షన్ మధ్యలో పాడై ఆగిపోతే దాన్ని కాపాడుకునే పని సిబ్బందిదే. 2022 నుంచి గార్డును ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు మారినా పని అదే. అడ్డంకికి 600 మీటర్ల దూరంలో పట్టా మీద ఒక డిటొనేటర్, 1,200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు డిటొనేటర్లు అమర్చుతారు. చక్రం ఎక్కగానే టపాసులా పేలతాయి. మంచులో, వానలో జెండా కనపడకపోయినా ఆ చప్పుడు విన్న డ్రైవరు వెంటనే బండి ఆపుతాడు.

ఇప్పుడు వీటికి తోడుగా కవచ్ వస్తోంది. ఎర్ర సిగ్నల్ దాటబోతే, వేగం మించితే దానంతటదే బ్రేకు వేసే ఏర్పాటు ఇది. ప్యాసింజర్ బండ్ల మీద దీని పరీక్షలు 2016లో దక్షిణ మధ్య రైల్వేలో మొదలయ్యాయి. బహనాగ దగ్గర గానీ కంటకాపల్లి దగ్గర గానీ ప్రమాద సమయానికి కవచ్ లేదు. అది ఉన్నా పాయింట్ల వైరింగే తప్పయితే పూర్తిగా ఆదుకునేది కాదని నిపుణుల మాట. వెనక నుంచి గుద్దుకోవడం లాంటివి ఆపడంలో మాత్రం దాని ఉపయోగం పెద్దది. అది లైనంతా వచ్చేదాకా, వచ్చాక కూడా, నిబంధన పుస్తకం మూసిపెట్టడానికి లేదు.

పట్టాల పక్కన ఉండేవాళ్లకు

లైను పక్క ఊళ్లలో పట్టా విరగడం, చెట్టు పడటం, వరదకు కంకర కొట్టుకుపోవడం మొదట చూసేది తరచూ పశువుల కాపరో, పొలానికి వెళ్లే రైతో. ఏం చేయాలో తెలిస్తే వందల ప్రాణాలు నిలుస్తాయి.

■ బండి వస్తుంటే పట్టాల పక్కకు జరిగి, బండికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ తల పైకెత్తి చూపాలి. జెండా లేనప్పుడు రైల్వే నిబంధనల ప్రకారం అదే ‘ఆగు’ సంకేతం. ఎర్ర గుడ్డ ఉంటే ఊపవచ్చు.

■ రాత్రయితే టార్చి వెలిగించి ఒంటికి అడ్డంగా అటూ ఇటూ గట్టిగా ఊపాలి. ఎర్ర దీపమే ఉండాలని లేదు. తెల్ల దీపాన్ని అలా ఊపినా ప్రమాద సంకేతమే.

■ పక్కనున్న కరెంటు స్తంభం మీద కిలోమీటరు నంబరు రాసి ఉంటుంది. పైన కిలోమీటరు, కింద స్తంభం వరస. దాన్ని చూసి దగ్గరి గేటుమ్యాన్‌కో, స్టేషన్‌కో, 139కో చెబితే సిబ్బంది సూటిగా అక్కడికే వస్తారు. ‘ఫలానా ఊరి దగ్గర మామిడి తోట పక్కన’ అంటే వెతుక్కోవడానికే సమయం పోతుంది.

■ సెక్షన్ మధ్యలో బండి ఆగితే దిగి పక్క లైను మీద నిలబడకూడదు. మీ బండి ఆగింది గానీ పక్క లైనులో బండి ఆగలేదు. దాని సిగ్నల్ వేరు.

■ గేటు వేసి ఉంటే కింద నుంచి దూరకూడదు. గేటుమ్యాన్ అప్పటికే నంబరు చెప్పేసి ఉంటాడు. ఆ మాట మీదే సిగ్నల్ వచ్చింది, ఆ సిగ్నల్ మీదే బండి వస్తోంది.

■ ఇంటికి దగ్గరని గొలుసు లాగితే నష్టం మీ బండితో ఆగదు. వెనక సెక్షన్‌లో వచ్చే బండి కూడా ఎర్ర దీపం దగ్గర నిలబడిపోతుంది.

మళ్లీ కదిలింది

చీకట్లో ఆగిన రాయగడ బండి ముందు పసుపు దీపం వెలిగింది. ఇంజన్ ఒక్కసారి కూత వేసింది. డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి కుదుపుతో కదిలాయి. బండి మెల్లగా లూప్‌లైన్‌లోకి తిరిగింది. రెండు నిమిషాల్లో పక్క మెయిన్‌లైన్‌లో ఎక్స్‌ప్రెస్ ఒకటి గాలి కొడుతూ దూసుకుపోయింది. దాని తోక దీపం చీకట్లో చిన్నదై మాయమైంది.

‘దీని కోసమా ఆపినాడు’ అన్నాడు మావ.

స్టేషన్ మాస్టరు గదిలో ఫోను మోగింది. చివరి డబ్బా దాటింది, సెక్షన్ ఖాళీ. ఒక నంబరు చెప్పారు, ఒక నంబరు రాసుకున్నారు. స్టార్టర్ పచ్చబడింది. ఆలస్యం ముప్ఫయ్ నిమిషాలు. ఇంట్లో అన్నం చల్లారి ఉంటుంది. ఇంటికి మాత్రం అందరూ చేరతారు.